రాజును రాసినవారు



ఈ ఊరివారంతా మాస్టారనే పిలిచిన ఉపాధ్యాయుడి స్మృతిలో ఏటా ఈ రోజున ఒక చరిత్ర విషయం మీద ఉపన్యాసం జరగాలని స్మారక సమితివారు పెట్టుకున్న నియమం ఆయనకు తగినది. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పారు. పుస్తకమేదీ రాయలేదు. కానీ మమ్మల్ని పెనుకొండ కోటకు తీసుకుపోయి ఏ శాసనం ముందు నిలబెట్టినా, దాన్ని చదవకముందే రెండు ప్రశ్నలు వేసేవారు. రాయించిందెవరు? రాసిందెవరు? రాయించినవాడి పేరు బిరుదులతో సహా మొదట ఉంటుంది, రాసినవాడి పేరు ఉంటే చివర ఎక్కడో ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు అనేవారు. మన భాషలో ఒక్క 'ఇంచు' ప్రత్యయంలో ఇంత రాజనీతి ఇమిడి ఉందని అప్పుడు మాకు తోచలేదు. నేను ఈ సాయంత్రం చెప్పబోయేదంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

నిరుడు మా అమ్మాయి ఉద్యోగం చేస్తున్న సియోల్ నగరానికి వెళ్లి కొన్నాళ్లు ఉన్నాను. అందులో మూడు రోజులు అక్కడి జాతీయ రాజప్రాసాద మ్యూజియంలో గడిపాను. ప్రవేశానికి రుసుము లేదు. రాజుల మ్యూజియం అంటే మనకు కళ్ల ముందు మెదిలేది హైదరాబాదు చౌమహల్లా దీపాలు, నిజాం నగలు. నేనూ అలాంటిదే చూడబోతున్నానని లోపలికి అడుగుపెట్టాను. మొదటి రోజు సాయంత్రానికి నాకు అర్థమైంది ఇది: ఈ ఇంట్లో ఎక్కువ చోటు ఆక్రమించినది రాత. కాగితం మీద రాత, జేడ్ రాతి పలకల మీద రాత, ముద్రల అడుగున తిరగేసి చెక్కిన రాత. ఐదు శతాబ్దాలు ఏలిన ఒక వంశం తన చరిత్రను తాను రాయించుకునే అధికారాన్ని వదులుకుంది. అలా వదులుకున్నందువల్లనే, రాజ్యం పోయాక కూడా ఆ రాజసభను మళ్లీ నిలబెట్టుకోవడానికి వారసులకు ఆధారం మిగిలింది. నా ప్రతిపాదన ఇంతే. దీనికి కొంత చరిత్ర చెప్పాలి, కొంత ఎదురువాదమూ నేనే చెప్పాలి.

ముందు స్థలం. ఈ మ్యూజియం గ్యోంగ్‌బొక్‌గుంగ్ అనే పాత రాజప్రాసాదం ఆవరణలోనే ఉంది. కొరియాను ఏలిన చోసన్ వంశం 1392లో మొదలై 1910 వరకు, 27 మంది రాజులతో, 518 ఏళ్లు సాగింది. వంశస్థాపకుడు తేజో 1395లో ఈ ప్రాసాదం కట్టించాడు. దీనికి పేరు పెట్టినది మాత్రం రాజు కాదు, జోంగ్ దోజోన్ అనే మంత్రి. 1592లో జపాన్ దండయాత్ర వచ్చిన ఏడు ఇది కాలిపోయింది. తరువాత రెండున్నర శతాబ్దాలకు పైగా పాడుపడి ఉంది. 1860లలో బాలరాజు గోజోంగ్ పేరున పాలించిన అతని తండ్రి దీన్ని తిరిగి కట్టించాడు. 1910లో జపాన్ కొరియాను కలిపేసుకున్నాక భవనాలను ఒక్కొక్కటే విప్పి అమ్మేశారు, తరలించారు. సింహాసన మండపానికి సరిగ్గా ఎదురుగా, దాన్ని నగరానికి కనపడనీయకుండా, గవర్నర్ జనరల్ కార్యాలయాన్ని రాతితో కట్టి 1926లో ముగించారు. స్వతంత్రం వచ్చాక ఆ కట్టడమే ప్రభుత్వ కార్యాలయమయింది, 1986 నుంచి జాతీయ మ్యూజియం కూడా అయింది. 1995 ఆగస్టు 15న, విముక్తి జరిగిన యాభై ఏళ్లకు, దాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. అందులోని మ్యూజియం పక్కనున్న భవనంలోకి మారి, తరువాత మరో చోటికి పోయింది. అలా ఖాళీ అయిన భవనంలో 2005 ఆగస్టు 15న రాజప్రాసాద మ్యూజియం తెరిచారు.

ఈ తేదీల వెనక మరొక పాత మ్యూజియం ఉంది, దాన్ని మరచిపోకూడదు. 1909లో, రాజు ఇంకా పేరుకు సింహాసనం మీద ఉండగానే, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్ అనే మరో ప్రాసాదంలో ఒక మ్యూజియం తెరిచారు. దాని పక్కనే జంతుప్రదర్శనశాల, వృక్షోద్యానం పెట్టారు. రెండేళ్లకు ఆ ప్రాసాదం పేరులోంచి ప్రాసాదమనే మాట తీసేసి తోట అనే మాట చేర్చారు. రాణులు నడిచిన నేల మీద బోనులు వెలిశాయి. అవి అక్కడినుంచి కదలడానికి 1980ల వరకు పట్టింది. కాబట్టి మ్యూజియం పెట్టడం ఎప్పుడూ గౌరవమే అనుకోనక్కరలేదు. బతికున్నవాణ్ణి గతంలోకి నెట్టేయడానికి కూడా మ్యూజియం పనికొస్తుంది. 1909 నాటిది రాయించినవారి మ్యూజియం. 2005 నాటిది దానికి జవాబు.

ఇక లోపలికి. సింహాసనం వెనక నిలిపే తెర మొదట కనపడుతుంది. ఎర్రని సూర్యుడు, తెల్లని చంద్రుడు, ఐదు శిఖరాలు, రెండు జలపాతాలు, పైన్ చెట్లు. రాజు ఎక్కడ కూర్చుంటే అక్కడ ఈ తెర ఉండాలి. బయటికి పోయినా వెంట తీసుకుపోయేవారు. చిత్రంలో రాజు బొమ్మ ఉండదు. దాని ముందు వచ్చి కూర్చోవలసిన మనిషే ఆ చిత్రానికి లోటు తీర్చాలి. ఎదురుగా నిలబడినవారికి రాజు ఆ కొండలమధ్య కొంతకాలం ఉండి పోయేవాడిగా కనపడి ఉంటాడు.

తరువాత ముద్రలు. ఇవి ఉత్తర్వుల మీద వేసే రాజముద్రికలు కావు. రాణిగా, యువరాజుగా పట్టం కట్టినప్పుడు, బిరుదు ఇచ్చినప్పుడు, చనిపోయాక పేరు పెట్టినప్పుడు, ఆ పేరును చెక్కించి సమర్పించేవారు. తాబేలు, డ్రాగన్ ఆకారాల పిడులు వాటికి. ముద్రతోపాటు ఒక పట్టాభిషేక గ్రంథం కూడా: రాజుకు, రాణికి జేడ్ పలకలను వరుసగా కూర్చి కట్టినది, యువరాజుకు వెదురు బద్దలతో చేసినది. యజమాని గతించాక ఇవన్నీ జోంగ్‌మ్యో అనే పితృదేవతల ఆలయంలో భద్రపరిచేవారు. వీటిలో 669 వస్తువులను 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త ఆగాలి. తేజో, సెజోంగ్ వంటి పేర్లు మనకు చరిత్ర పుస్తకాల్లో కనపడతాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ రాజు బతికుండగా వినలేదు. రాజు కన్నుమూశాక మంత్రులు కూర్చుని, అతని పాలనను తూచి, ఆలయంలో పిలవడానికి ఆ పేరు పెడతారు. హంగుల్ లిపిని 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన మహారాజును లోకమంతా సెజోంగ్ అంటుంది, ఆ పేరు ఆయన చెవిన పడలేదు. సింహాసనం నుంచి దించేసిన ఇద్దరు రాజులకు ఆలయనామమే దక్కలేదు. వాళ్లు యోన్సాన్‌గున్, గ్వాంగ్‌హేగున్ అనే రాకుమార నామాలతోనే మిగిలిపోయారు. బిరుదులన్నీ ముందే తగిలించుకుని శాసనం మొదలుపెట్టే మన రాజులను తలచుకుంటే ఈ పద్ధతి ఎంత కఠినమో తెలుస్తుంది.

పేరు దగ్గరే అంత జాగ్రత్త ఉంటే చరిత్ర దగ్గర ఎంత ఉండాలి? చోసన్ రాజవంశ వృత్తాంతాన్ని సిల్లొక్ అంటారు. నిజమైన నమోదు అని దాని అర్థం. తేజో నుంచి చోల్‌జోంగ్ వరకు 25 మంది రాజుల 472 ఏళ్ల కథ, 888 పుస్తకాలు. రాజసభలో సాగ్వాన్ అనే లేఖకులు ఉండేవారు. రోజువారీగా ఈ పని మీద ఉన్నవారు ఎనిమిదిమంది, అందరూ చిన్న హోదా గలవారు, వయసులోనూ చిన్నవారు. రాజు ఏ మంత్రితో మాట్లాడినా వీరిలో ఒకరు ఉండితీరాలి. విన్నది రాయడమే కాక, దాని మీద తమ అభిప్రాయం కూడా రాసి, ఆ ప్రతిని ఇంట్లో దాచుకోవాలి. రాజు పోయాక ఒక కార్యాలయం ఏర్పడుతుంది. చిత్తుప్రతులన్నీ అక్కడికి చేరి, కూర్చి, సరిచూసి, సిల్లొక్ అచ్చవుతుంది. అది ముగియగానే చిత్తుప్రతులను సియోల్ శివారు సెగోమ్‌జోంగ్ దగ్గరి ఏటిలో కడిగేసేవారు. ఎవరు ఏం రాశారో తెలియకూడదు. కడిగిన కాగితం దగ్గర్లోని కాగితాల మిల్లుకు పోయి మళ్లీ కాగితమయ్యేది. కాగితం పిరమైన వస్తువు, దాన్నీ వదల్లేదు.

సిల్లొక్‌ను రాజు చదవరాదు. తన తండ్రిది గాని, తాతది గాని చదవరాదు. ఈ నియమం ఊరికే నిలవలేదు. 1404లో మూడో రాజు తేజోంగ్ వేటలో గుర్రం మీద నుంచి పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేవగానే అతడన్న మొదటి మాట, ఈ సంగతి లేఖకుడికి తెలియనీయవద్దని. ఆ పడటమూ, వద్దన్న ఆ మాటా, రెండూ సిల్లొక్‌లో ఉన్నాయి. అతని కొడుకు సెజోంగ్ 1431లో, తండ్రి చరిత్ర రాయడం పూర్తయిందని తెలిసి చూస్తానన్నాడు. మేంగ్ సా సోంగ్ మొదలైన మంత్రులు అడ్డుచెప్పారు. ఒక రాజు చూస్తే తరువాతి రాజులూ చూస్తారు, చూస్తారని తెలిస్తే లేఖకుడు భయపడతాడు అన్నది వారి వాదం. సెజోంగ్ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటిగా నేను లెక్కిస్తాను.

అందరూ ఊరుకోలేదు. 1498లో యోన్సాన్‌గున్ కాలంలో కిమ్ ఇల్ సోన్ అనే లేఖకుడి చిత్తుప్రతిలోని భాగాలు రాజు కంటికి తెచ్చారు. అందులో రాజు ముత్తాత సింహాసనం లాక్కున్న తీరు మీద నింద ఉంది. కిమ్ ఇల్ సోన్‌నూ అతని సహచరులనూ చంపించారు. ఎనిమిదేళ్లకు ఆ రాజునే దించేశారు. అతని పాలన వృత్తాంతానికి సిల్లొక్ అనే మాటే వాడలేదు, దినచర్య అని మాత్రం అన్నారు. రాసే స్వేచ్ఛ వెనక శవాలు ఉన్నాయని మాస్టారు వింటే ఆశ్చర్యపోయేవారు కారు.

అచ్చయిన సిల్లొక్ ప్రతులను వేరువేరు చోట్ల ఉంచేవారు. 1592 యుద్ధంలో నాలుగు భాండాగారాల్లో మూడు బూడిదయ్యాయి. దక్షిణాన జోంజు ఊళ్లోని ప్రతిని ఆన్ ఉయి, సోన్ హోంగ్ రొక్ అనే ఇద్దరు పల్లెటూరి పండితులు నేజాంగ్ కొండల్లోకి మోయించుకుపోయి, సంవత్సరానికి పైగా కాపలా కాశారు. వాళ్లకు ఏ ఉద్యోగమూ లేదు. ఆ ఇద్దరు లేకపోతే మొదటి రెండు వందల ఏళ్ల చోసన్ చరిత్ర మనకు ఇలా ఉండేది కాదు. యుద్ధం అయ్యాక బుద్ధి తెచ్చుకుని భాండాగారాలను కొండలమీదికి, ద్వీపాలలోకి మార్చారు. రెండు మూడేళ్లకోసారి రాజధాని నుంచి లేఖకుడు వచ్చి, పెట్టెలు తెరిచి, పుస్తకాలకు ఎండ గాలి చూపించి, తిరిగి మూసి సీలు వేసి పోవాలి. తాటాకు గ్రంథాలకు నూనె పట్టించి ఆరబెట్టిన ఇళ్లవారికి ఈ పని విలువ చెప్పనక్కరలేదు.

రెండో రకం రాత ఉయిగ్వె. రాజకుటుంబంలో పెళ్లి, పట్టాభిషేకం, అంత్యక్రియ, కోట నిర్మాణం, ఏది జరిగినా ముగిశాక దాని విధానమంతా ఒక పుస్తకంగా కట్టేవారు. ఎన్ని మేకులు, ఎంత బియ్యం, ఎవరు ఏ పల్లకీ మోశారు, ఊరేగింపులో ఏ జెండా ఏ వరుసలో నడిచింది, అన్నీ రంగుల బొమ్మలతో సహా. మ్యూజియంలో ఒక ఊరేగింపు చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. వందల మనుషులు, గుర్రాలు, ఒకే దిక్కుకు నడుస్తున్నారు, రాజు మాత్రం ఎక్కడా లేడు. అతని పల్లకీ ఉంది, అది ఖాళీ. గౌరవం కోసం రాజును గీయలేదు. మోసినవారిని గీశారు.

1794 నుంచి 1796 వరకు జోంగ్జో రాజు కట్టించిన హ్వాసోంగ్ కోటకు కూడా ఉయిగ్వె ఉంది. అందులో రాయి కొట్టినవారి, వడ్రంగుల, కమ్మరుల పేర్లు, వాళ్లు పనిచేసిన దినాలు, వాళ్లకు ఇచ్చిన కూలి ఉన్నాయి. కొందరివి ముద్దుపేర్లు, ఎగతాళి పేర్లు. చిన్నవాడు, పొట్టివాడు వంటివి. కొరియా యుద్ధంలో ఆ కోట బాగా దెబ్బతింది. 1970లలో పునర్నిర్మాణానికి పూనుకున్నప్పుడు ఈ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని కట్టారు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనం పెనుకొండలో గగన్ మహల్ చూస్తాం. దాని గోడకు సున్నం గానుగ పట్టినవాడి పేరేమిటి? రాజు ఎవరికైనా అనుగ్రహించినది లేఖకుల దస్త్రాలకెక్కేదని నూనిజ్ అనే పోర్చుగీసువాడు విజయనగరం గురించి రాశాడు. మన వైపు రాయసం అనే ఇంటిపేరు ఇంకా ఉంది. ఆ రాయసంవారు రాసిన దస్త్రాలు మనకు చేరలేదు. 1565లో విజయనగరం కూలాక అవి ఏమయ్యాయో చెప్పే కాగితం లేదు.

ఈ పోలిక ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, ఆ పెనుకొండ పక్కనే ఇప్పుడు కొరియావారి కార్ల కర్మాగారం ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. మన రోడ్డు పక్క హోటళ్ల బోర్డుల మీద తెలుగు అక్షరాల కింద గీతలు, వలయాలు కలిపిన అక్షరాలు కనపడతాయి. అవి సెజోంగ్ చేసిన అక్షరాలు. రాయల కోట నీడలో ఆ లిపి ఉండటం యాదృచ్ఛికమే. కానీ ఆ లిపి ఏ సంవత్సరం, ఎందుకోసం, ఏ విమర్శల మధ్య పుట్టిందో వాళ్లు చెప్పగలరు.

ఇంతవరకు పొగిడాను. ఇప్పుడు ఎదురువాదం. కింది అంతస్తులో 1434లో సెజోంగ్ కోసం జాంగ్ యోంగ్ సిల్ చేసిన నీటి గడియారానికి కొత్తగా చేసిన నిండు పరిమాణపు నమూనా ఉంది. కడవల నుంచి నీరు కారి, బంతులు దొర్లి, చెక్కబొమ్మలు గంట, డోలు, కంచు పళ్లెం మోగించి వేళ చెబుతాయి. మనిషి చెయ్యి తగలదు. జాంగ్ తల్లి ప్రభుత్వ దాసి. అంటే అతడూ పుట్టుకతో దాసుడే. ప్రతిభ చూసి రాజు అతణ్ణి పైకి తెచ్చాడు. 1442లో అతని పర్యవేక్షణలో చేసిన రాజు పల్లకీ విరిగింది. కొరడా దెబ్బల శిక్ష వేసి ఉద్యోగం తీసేశారు. ఆ తరువాత అతడు ఏమయ్యాడో, ఎప్పుడు చనిపోయాడో రాజ్యమంతా రాసిపెట్టిన ఆ పుస్తకాల్లో లేదు. రాజు గుర్రం మీద నుంచి పడితే రాశారు. పల్లకీ చేసినవాడు పడిపోతే, ఎక్కడ పడ్డాడో రాయలేదు.

ఆడవారి సంగతి మరీ చిత్రం. 1762లో యోంగ్జో రాజు తన కొడుకు, యువరాజు సాదోను బియ్యం పెట్టెలో పెట్టి మూయించాడు. ఎనిమిది రోజులకు అతడు చనిపోయాడు. ఇది చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌లో జరిగింది, తరువాత జంతుప్రదర్శనశాల వెలిసిన ఆ ప్రాసాదంలోనే. సాదో కొడుకు జోంగ్జో 1776లో రాజు కాబోయేముందు తాతను వేడుకుని, రాజకార్యాలయ దినచర్య పుస్తకాల నుంచి ఆ ఘటన వివరాలున్న భాగాలను కడిగించాడు. చిత్తుప్రతులను కడిగే ఆ ఏటిలోనే. ఇంత క్రమశిక్షణ గల రాతలోనూ రాజు కన్నీటికి చోటిచ్చారు. అయితే ఆ ఖాళీని ఒక స్త్రీ పూరించింది. సాదో భార్య హ్యేగ్యోంగ్, అరవయ్యో ఏట మొదలుపెట్టి, 1795 నుంచి 1805 వరకు నాలుగు విడతలుగా తన జ్ఞాపకాలు రాసింది. పండితుల చీనా అక్షరాల్లో కాదు, హంగుల్‌లో. సాగ్వాన్‌లలో ఆడవారు లేరు. ఆమెకు ఆ పని రాజసభ అప్పగించలేదు. చోసన్ రాజసభ గురించి ఈ రోజు లోకం ఎక్కువగా చదివేవాటిలో ఆమె పుస్తకం ఒకటి. అధికారిక రాత ఎంత గొప్పదైనా దానికి పక్కన ఇంకొకరు కూర్చుని రాయవలసే ఉంటుంది.

రాతకు ఇంత విలువ ఉన్న దేశం మీద పడినవాడు ముందు రాతనే పట్టుకుంటాడు. 1866లో ఫ్రెంచి మతప్రచారకులను చంపినందుకు ప్రతీకారమంటూ ఫ్రెంచి నౌకాదళం కాంగ్‌హ్వా ద్వీపం మీద దిగింది. అక్కడి రాజ భాండాగారం నుంచి వెండి పెట్టెలతోపాటు ఉయిగ్వెలనూ ఎత్తుకుపోయి, మిగిలిన వేల పుస్తకాలను తగలబెట్టింది. ఆ ఉయిగ్వెలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నట్టు 1975లో కనిపెట్టినది అక్కడే పనిచేస్తున్న పార్క్ బ్యోంగ్ సొన్ అనే కొరియా విదుషి. ఈ కనిపెట్టడం ఆమెకు ఆ కొలువులో మేలు చేయలేదు. 1990ల మొదట్లో కొరియా అడగడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు అడిగినది వెండిని కాదు, ఈ పుస్తకాలను. 2011లో 297 సంపుటాలు వచ్చాయి. వచ్చినా, చట్టం దృష్టిలో అవి ఐదేళ్లకోసారి గడువు పొడిగించే అరువు మాత్రమే. అదే ఏడు నవంబరులో పార్క్ కన్నుమూసింది. అదే ఏడు డిసెంబరు నాటికి జపాన్ రాజగృహం నుంచి 1,205 సంపుటాలు తిరిగి వచ్చాయి. వాటిలో 167 ఉయిగ్వెలు ఉన్నాయి, చాలామటుకు 1922లో తరలించినవి; ఇవి ఈ మ్యూజియానికి చేరాయి. కొరియా యుద్ధకాలంలో దేశం దాటిన తొమ్మిది ముద్రలను 2014లో అమెరికా అధ్యక్షుడు ఒబామా స్వయంగా తెచ్చి ఇచ్చారు. అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయన్న సంగతి తెలిసిన మనకు ఈ తేదీలు ఊరికే అంకెలుగా వినపడవు.

దోచుకోవడం కంటే లోతైన పని మరొకటి జరిగింది. 27 మంది రాజులు ఉంటే సిల్లొక్ 25 మందిదే అన్నాను. చివరి ఇద్దరు గోజోంగ్, సున్‌జోంగ్. వీరి సిల్లొక్‌లు లేకపోలేదు. వలసపాలన కాలంలో, జపాన్ అధికారుల పర్యవేక్షణలో అవి తయారయ్యాయి. రాజ్యం తీసుకున్నవాడే ఆ రాజ్యం చరిత్ర రాయించాడు. అందుకే కొరియా పండితులు వాటిని మిగతావాటి సరసన చేర్చరు. 1997లో యునెస్కో స్మృతి జాబితాకు పోయినది 25 మంది సిల్లొకే. మాస్టారి ప్రశ్నకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు.

ఆ ఇద్దరు రాజుల కాలం మ్యూజియంలో ఒక అంతస్తు. 1897లో గోజోంగ్ తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు, పదమూడేళ్లకు అంతా ముగిసింది. సున్‌జోంగ్ ఎక్కిన కాడిలాక్ కారు, అతని భార్య ఎక్కిన డైమ్లర్ కారు మెరుస్తూ నిలబడి ఉన్నాయి. పిల్లలు వాటి చుట్టూ చేరతారు. నాకు అక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు. గోజోంగ్ చిన్న కూతురు దొక్హ్యేను 1925లో చదువు పేరుతో జపాన్ తీసుకుపోయారు. 1962లో తిరిగివచ్చి, ప్రాసాదంలోని ఒక ఇంట్లో ఉండి 1989లో చనిపోయింది. మన కాలంలోనే.

నేను ఎక్కువసేపు నిలబడినది ఒక చిత్రం ముందు. రాజుల చిత్రాలను కొరియా యుద్ధంలో భద్రత కోసం దక్షిణాన బుసాన్ రేవుకు తరలించారు. యుద్ధం వాటిని తాకలేదు. యుద్ధవిరమణ అయిన మరుసటి ఏడు, 1954 డిసెంబరులో, బుసాన్‌లో మంటలు రేగి వాటిలో చాలామటుకు కాలిపోయాయి. మిగిలినవాటిలో చోల్‌జోంగ్ చిత్రం ఒకటి, 1861లో వేసినది. కాంగ్‌హ్వా ద్వీపంలో పొలం పని చేసుకుంటున్న కుర్రవాణ్ణి 1849లో తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు, అతడే ఈ చోల్‌జోంగ్. యోధుడి దుస్తుల్లో కూర్చుని ఉన్నాడు. పట్టుబట్టలో దాదాపు మూడోవంతు లేదు. కాలిన అంచు నల్లగా, వంకరగా దిగింది. కాలిన చోటును పూరించి కొత్తగా గీయవచ్చు. ఆ పని చేయలేదు. ఉన్నంత మేర నిలబెట్టి, లేనంత మేర ఖాళీగా ఉంచారు. సిల్లొక్ రాసిన చేతుల వారసులు చేసే పని ఇలాగే ఉంటుంది.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. కొండలమీద దాచిన సిల్లొక్ ప్రతుల్లో ఓదేసాన్ కొండ మీది ప్రతి 788 పుస్తకాలు. 1913లో వాటిని టోక్యో విశ్వవిద్యాలయానికి తీసుకుపోయారు. 1923 భూకంపంలో వచ్చిన మంటల్లో దాదాపు అన్నీ పోయాయి. ఆ సమయానికి బయట ఎవరో చదవడానికి తీసుకున్నవి మాత్రం దక్కాయి. 1932లో 27, 2006లో 47, తరువాత వేలంలో కొన్న ఒకటి, మొత్తం 75 పుస్తకాలు కొరియాకు చేరాయి. వాటి కోసం ఓదేసాన్ కొండ దగ్గరే ఒక మ్యూజియం 2023 నవంబరులో తెరిచారు. సియోల్ నుంచి ఆ 75 పుస్తకాలను, నూట పదేళ్ల తరువాత, బయలుదేరిన కొండకే తీసుకుపోయి పెట్టారు.